మీటరు పెట్టి మాట్లాడిన మేడమ్

మా మేడమ్ పోయారని మొన్న పొద్దున చింతామణి నుంచి ఫోన్ వచ్చింది. పాలిటెక్నిక్‌లో నాకు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పిన టీచరమ్మ. చిక్కబళ్ళాపురంలో నా ప్యానెల్ బోర్డుల షాపులో స్క్రూ బిగిస్తున్నవాణ్ని, ఏ వైపు తిప్పాలో కూడా మరిచిపోయాను.

ఆమె సుద్దముక్కతో కరెంటు తరంగం గీస్తే బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క వణుకు లేకుండా పోయేది. మేం గీస్తే కోడి గీరినట్టుండేది. "ఏమప్పా, నీ కరెంటుకు చలిజ్వరమా?" అని ఎగతాళి చేసేవారు. ఎంత హాయిగా ఉండేవో ఆ రోజులు!

తర్వాత కొన్నేళ్ళకు శిడ్లఘట్టలో ఒక పట్టు రీలింగ్ యూనిట్‌కు మోటార్ల వేగం మార్చే డ్రైవులు పెట్టాను. అంతే, కరెంటు బిల్లు తగ్గడానికి అక్కడ పెట్టుకున్న కెపాసిటర్లు ఉబ్బి పేలడం మొదలైంది. మార్చేకొద్దీ పేలాయి. నేనేం చేశాను? అక్కడి ఎలక్ట్రీషియన్ వైర్లు సరిగ్గా బిగించలేదని యజమానితో అనేశాను. ఆ ఎలక్ట్రీషియన్ నాకన్నా పెద్దవాడు, ఏళ్ళ తరబడి ఆ యూనిట్‌నే నమ్ముకున్న మనిషి. ఆయన్ని పని మానిపించడానికి యజమాని సిద్ధమయ్యాడు. నా మాటే నిజమని చెప్పించుకోవాలని మేడమ్‌ను పిలిచాను. ఎంత తెలివి నాది!

పాత చీరముక్కలో చుట్టిన మీటరుతో బస్సు దిగారు. కాఫీ ఇస్తే, "ముందు రీడింగు రాయనీప్పా" అన్నారు. వైర్ల బిగింపులు చూశారు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. కెపాసిటర్లకు మీటరు తగిలించి డ్రైవులు ఒక్కొక్కటే ఆపించారు. ఆపేకొద్దీ కెపాసిటర్లలో కరెంటు దిగింది.

"కరెంటు నున్నగా పోవల్ల. ఈ డ్రైవులు తుంచి తుంచి తీసుకుంటాండాయి. ఆ తునకలే హార్మోనిక్స్. కెపాసిటర్లు వాటిని మింగి కాగుతాండాయి. ముందర వాటిని అడ్డుకునే రాగితీగ చుట్ట, అదే రియాక్టర్, పెట్టకుండా కెపాసిటర్లు మార్చుకుంటా పోతే ఏం లాభం?"

తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నారు: "మీటరు పెట్టకుండా మనిషి మీద తప్పు పెట్టొద్దప్పా. నేను చెప్పను. నువ్వే చెప్పు."

ఎలక్ట్రీషియన్‌ను పక్కకు పిలుచుకున్నాను. "తప్పు నాది, ఈయనది కాదు" అని యజమానికి చెప్పాను. ఆ మనిషి పని నిలబడింది. రియాక్టర్లు పెట్టాక కెపాసిటర్లు పేలలేదు. కానీ మేడమ్ ముందు తలదించుకున్నానన్న సిగ్గు నాలో ఉండిపోయింది.

మొన్న చింతామణిలో ఆమె ఇంటి ముందు బెంచీ మీద ఆ ఎలక్ట్రీషియన్ కనిపించాడు. పక్కవాళ్ళకు నన్ను చూపించి, "నా పని నిలబెట్టింది ఈయనే" అన్నాడు.

"అయ్యో, నేను కాదప్పా, మేడమ్."

"మేడమ్ మీటరు చూపించింది. నోరు తెరిచింది నువ్వే గదా. ఆ పొద్దు తిరిగి ఊరికి పోయేటప్పుడు బస్టాండులో నాతో ఏమనిందో తెలుసునా? 'మావాడు చెప్పినాడు సూడప్పా' అని ఎంత సంతోషపడిందో!"

ఏడుపు ఆగలేదు. ఆయన జరిగి బెంచీ మీద నాకు చోటిచ్చాడు. మేడమ్‌ను బయటికి తెచ్చేదాకా నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.