తూర్పు ఎటు?

మా బిడ్డ, దాని దోస్తులు కలిసి ఆన్‌లైన్ ఆటల ఒక ఊరు కడుతున్నరు. ఎవరైనా రావచ్చు, జాగా చూసుకొని ఇల్లు కట్టుకోవచ్చు. ఒకరు కట్టింది ఇంకొకరు కూల్చొద్దు, బాటకు జాగా ఇడవాలె. రూల్స్ వీళ్లే పెట్టుకున్నరు. మంచిగనే ఉన్నయని నేను సుత ఒక ఇల్లు షురూ చేసిన. పొద్దు ఎటు పొడుస్తదో చూసి మరీ తూర్పుకు గుమ్మం పెట్టిన.

పక్క జాగాల కట్టుకుంటున్న పిల్ల మైకుల అడిగింది: "ఆంటీ, గుమ్మం పడమరకు పెట్టిన్రేంది?"

నాకు మండింది. బిడ్డను పిలిచిన.

"ఆమెకు పొద్దు అవతలి దిక్కు పొడుస్తదమ్మా. ఎవరింట్లకు వెలుగు ఎటు కావాలంటే అటు సూర్యుణ్ని తిప్పుకోవచ్చు. అది సుత రూలే."

"అందరిదీ ఒక్కటే ఊరంటిరి. సూర్యుడు మాత్రం మనిషికొకడా? గిదేం ఊరే?"

అది నవ్వింది. నాకు దిమాక్ ఖరాబై, అసలు తూర్పు ఎట్లుంటదో కండ్లార చూద్దామని కాప్రాల ఉన్న మా ఫ్లాట్ తలుపు తీసిన. తూర్పు గుమ్మమని ఏరికోరి కొన్న ఫ్లాట్. ఎదురుంగ, చెయ్యి చాపితే అందేటట్టు, కొత్త అపార్ట్‌మెంట్ గోడ. పొద్దుగాల పదింటికి సుత మా గుమ్మంల లైటు వెలుగుతనే ఉంది.

సూర్యుణ్ని తిప్పుదామంటే, ఇక్కడ ఏది తిప్పాలెనో తెల్వలే.