కోయని కాగితాలు

మా ముత్తాత సంజీవరాయుడు గారు జమ్మలమడుగు దగ్గర ఏడూళ్ల తగవులు తీర్చిన మునసబు. తాత శేషాచలం గారు జీవశాస్త్ర చరిత్రనూ, దాని వెనుక ఉన్న తత్వాన్నీ చర్చించే విదేశీ పత్రికలను పోస్టులో తెప్పించుకున్న మనిషి. నేనిప్పుడు ప్రొద్దుటూరులో అద్దె ఇంట్లో ఉంటున్నా, ఆ పత్రికల బీరువాను మాత్రం వదల్లేదు.

రెండేళ్ల కిందట పులివెందుల నుంచి ఒక కాలేజీ లెక్చరర్ ఆ పత్రికల కోసం వచ్చాడు. తమ లైబ్రరీలో తాత పేరుతో బోర్డు పెట్టిస్తానన్నాడు. నేను గర్వంగా బీరువా తెరిచాను. ఆయన నాలుగు సంచికలు తిప్పి ఆగిపోయాడు.

"మామా, మీ తాత ఇవన్నీ చదివినాడంటివే?"

"రోజూ చదివి నాకు చెప్తాండెనప్పా. జీవజాతి అంటే ఏందో పండితులే తేల్చుకోలేక కొట్లాడుకుంటాండారని నవ్వుతాండె."

"యాడ చదివినాడు మామా? ఈ అంచులు చూడు."

ఆ కాలంలో అలాంటి పత్రికల కాగితాలు మడతపెట్టి, అంచులు కోయకుండానే వచ్చేవట. చదివేవాళ్లే కత్తితో కోసుకోవాలట. మిగతావీ తీసి చూశాం; ఒక్క సంచికలోనూ కోసిన గుర్తు లేదు.

"అట్టమీద వ్యాసాల పేర్లుండాయి గదా. అవి చూసి సొంతంగా చెప్పినాడేమోలే," అన్నాడాయన.

"మా ఇంట్లో అబద్ధాలాడే అలవాటు లేదప్పా," అని బీరువా మూసేశాను. బోర్డు మాట మళ్లీ రాలేదు.

తాత నన్ను మభ్యపెట్టారా, లేక ఆ ప్రశ్నలకు తానే కూర్చుని జవాబులు ఆలోచించారా? ఈ రోజుకీ నాకు తేలడం లేదు. ఆ పత్రికల చందాల కోసం ఆయన తొండూరులోని నిమ్మతోట అమ్మారు.