సార్ వచ్చారా మేడమ్

ఆ మెట్ల దారిలో అందరూ ఆమెను కామా అక్క అంటారు.

పేరు పెట్టింది పై అంతస్తు టీచరమ్మ. కిటికీలు తెరిచి ఉన్న రోజుల్లో కామా అక్క గొంతు మెట్ల మీదికి వినిపించేది. "చంక కొలత తీసుకున్నాక కామా గుడ్డను రెండుగా మడవాలి పుల్‌స్టాప్ కొత్త పేరా." కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర ఆగి, ఈ ఇంట్లో ఎవరికో మతి చెడిందనుకునేవారు. చెడలేదు. అది వాళ్ళ పని. ఆమె చదివేది, భర్త టైపు చేసేవాడు. అచ్చాఫీసు నుంచి చేతిరాత కాగితాలు వచ్చేవి. అచ్చుకు సిద్ధమైన పేజీలు తిరిగి వెళ్ళేవి. ఆయన కాగితాన్ని చూసేవాడు కాదు. మీటలనూ చూసేవాడు కాదు. ఎదుటి గోడను చూస్తూ వేళ్ళతో వినేవాడు.

అలా చదవడానికి ఒక కొలత ఉంది. నాలుగైదు మాటలు చదివి ఆగాలి, ఆయన వేళ్ళు అందుకునేంత సేపు. ఏళ్ళ తరబడి చదవగా చదవగా ఆ ఖాళీ ఆమె మామూలు మాటల్లోకీ వచ్చేసింది. కూరల దుకాణంలో కూడా నాలుగు మాటలు మాట్లాడి ఆగేది. దుకాణదారు తక్కెడ పట్టుకుని "ఊఁ, తర్వాత?" అనేవాడు.

తగవు పడినా అదే భాష. విసుగొస్తే ఆయన "పుల్‌స్టాప్" అనేవాడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. "కొత్త పేరా" అని మళ్ళీ అందుకునేది.

ఆ సాయంత్రం కుట్టుపని నేర్పే పుస్తకంలో చేతుల అధ్యాయం నడుస్తోంది. "భుజం నుంచి మోచేతి దాకా కొలిచి" అని చదివి, ఆమె "కామా" అంది. ఆయన కామా కొట్టి లేచాడు. ల్యాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టి చూసి, మూత వేశాడు.

"కాలిపోతోంది. కాస్త చల్లారనీ. పాలు తెచ్చేస్తా."

"టీకి సరిపడా ఉన్నాయి."

"రేపటికి వద్దూ? ఇప్పుడే వస్తా."

చెప్పులు వేసుకుని దిగాడు. మన మాటల్లో పోతానని చెప్పి ఎవరూ గడప దాటరు. వస్తానని చెప్పే వెళ్తారు. పాల దుకాణం ముందు, చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టి, ఆయన అలాగే కూలబడిపోయాడట. చూసినవాళ్ళు చెప్పారు. గుండె.

రావలసినవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. ఇల్లు సద్దుమణిగాక ఒక ఉదయం ఆమె ల్యాప్‌టాప్ మూత తీసి మీట నొక్కింది. తెర నల్లగానే ఉంది. ఎన్నిసార్లు నొక్కినా అందులో తన ముఖమే కనబడింది.

వారంటీ ఇంకా ఉంది. బజారు చివర, అద్దాల తలుపు ఉన్న మరమ్మతు కేంద్రానికి సంచిలో పెట్టి తీసుకువెళ్ళింది. అక్కడి మనిషి దాన్ని తిరగేసి, మరలు విప్పి, ఏవో తీగలు ఆనించి చూశాడు.

"మదర్‌బోర్డు పోయింది మేడమ్."

ఎంత తేలిగ్గా అన్నాడు! పోయింది. ఆమెకు ఆ మాట ఇంకా నోట పలకలేదు. వచ్చినవాళ్ళంతా ఆ మాటే అన్నారు. ఆమె తల ఊపిందే తప్ప తిరిగి అనలేదు.

"కొత్త బోర్డు పైనుంచి రావాలి. వస్తుంది. మీకు ఫోను చేస్తారు."

ఫోను వచ్చింది. ఆయన ఫోనుకు వచ్చింది. కొన్నప్పుడు రాయించిన పేరు ఆయనది, నంబరు ఆయనది. పొద్దున్నే తన ఫోనుతో పాటు దాన్నీ ఛార్జింగులో పెట్టడం ఆమె మానలేదు. అది మోగగానే ఉలిక్కిపడి, ఎప్పటిలాగే "మీకే, తీయండి" అనబోయింది.

అవతల ఒక ఆడపిల్ల గొంతు. వెనక మరెన్నో గొంతులు, మీటల చప్పుడు.

"సార్ ల్యాప్‌టాప్ గురించండీ. బోర్డు మార్చేటప్పుడు లోపల ఉన్నవి పోయినా పోవచ్చు. దానికి ఒప్పుకుంటున్నట్టు కొన్నవాళ్ళే నోటితో చెప్పాలి. రికార్డు అవుతుంది. సార్‌కి ఒకసారి ఇస్తారా మేడమ్?"

"ఆయన లేరమ్మా."

"అలాగా. ఎప్పుడొస్తారు?"

ఆమె నోరు తెరిచింది. ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుంది.

"పర్లేదు మేడమ్, వచ్చే వారం చేస్తాను. సార్ ఇంట్లో లేరని రాసుకుంటున్నా."

టకటక మీటల చప్పుడు. ఫోను పెట్టేశారు.

లేరు అనే మాటకు రెండు తలుపులు. బజారుకు వెళ్ళినవాడూ లేడు, లోకం విడిచినవాడూ లేడు. వినేవాళ్ళు ఏ తలుపు తోస్తే అది తెరుచుకుంటుంది. ఆ పిల్ల వీధి తలుపు తోసింది. ఆమె మూయలేదు.

మర్నాడు వెనక్కి ఫోను చేసి చెప్పవచ్చు. చెబుదామనే అనుకుంది. కానీ ఎక్కడో ఒక చోట, ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి రాసుకున్న దాంట్లో, ఆయన ఇంకా బయటికి వెళ్ళిన మనిషి. ఇవాళో రేపో రావలసిన మనిషి. ఆ ఒక్కచోట దీపం ఆర్పడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

వారం తర్వాత మళ్ళీ మోగింది.

"సార్ వచ్చారా మేడమ్?"

"ఇంకా లేదమ్మా."

"క్యాంపా?"

"ఆఁ."

"దూరమా అండీ?"

"దూరమే."

"అక్కడి నంబరేమైనా..."

"అక్కడ సిగ్నల్ ఉండదు."

"ఫోను కూడా ఇంట్లోనే వదిలేసి వెళ్ళారు కదా. మా నాన్న కూడా ఇంతే మేడమ్. మనిషి ఒక చోట, ఫోను ఒక చోట." పిల్ల నవ్వింది. ఈమె కూడా నవ్వింది. నవ్వాక, ఆ నవ్వు గదిలో ఎవరిదో అనిపించింది.

ఫోను వచ్చే రోజున ఆమె తల దువ్వుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. బల్ల మీద ల్యాప్‌టాప్ ఉండే చోటు పలకలా మెరుస్తూ ఉండేది. రోజూ దుమ్ము తుడిచేది, అక్కడ మాత్రం గ్లాసు కూడా పెట్టేది కాదు. ఆయన కుర్చీ గోడ వైపే తిరిగి ఉంది. పని వేళకు కాగితాలు తీసి చదవసాగింది. నాలుగైదు మాటలు, ఆగడం. మళ్ళీ నాలుగైదు మాటలు. ఆ ఆగినప్పుడు గదిలో మీటల చప్పుడు ఉండదని ఆమెకు తెలుసు. అయినా సరిగ్గా ఆ చప్పుడు ముగిసే వేళకే తర్వాతి మాట ఎత్తుకునేది. మెట్ల మీద పై అంతస్తు టీచరమ్మ ఒకసారి ఆగింది. ఎవరినీ ఏమీ అడగకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

అచ్చాఫీసు ఆసామి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, పుస్తకం వేరేవాళ్ళ చేత మొదటినుంచీ కొట్టించమంటావా?"

"సగం పైనే అయింది. దాంట్లోనే ఉంది."

"ఉందనుకో. తాళం వేసిన పెట్టెలో అన్నం లాగుంది మన యవ్వారం. పాపం, ఆ పుస్తకం రాసినావిడ రోజూ అడుగుతోంది."

"వచ్చేస్తుంది."

ఏది వచ్చేస్తుందో అతను అడగలేదు.

ఈ ఫోన్ల సంగతి వదిన చెవిన పడింది. వదిన అంటే ఆయన అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పక్క వీధిలో ఉంటుంది. నోరు కత్తి. ఒక వారం ఆ ఫోను వచ్చినప్పుడు ఆమె ఇక్కడే, చాప మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. మరదలి మాటలు మొత్తం విన్నది.

"ఏమే, మా తమ్ముణ్ణి ఏ ఊరు పంపించావ్?"

ఈమె ఫోనును మళ్ళీ ఛార్జింగులో పెట్టింది.

"దూరమట, సిగ్నల్ లేదట. బాగుంది. నలుగురూ మోసుకెళ్తుంటే కళ్ళారా చూశాం, ఇప్పుడు క్యాంపుకు వెళ్ళాడట! చెప్పడానికి నోరెందుకు రాదే నీకు? పొద్దస్తమానం పుస్తకాలు చదివే నోరేగా?"

"మీరు చెప్పండి వదినా."

"చెప్పనా ఏంటి? నాకేం భయమా?" ఈనెలు విరిచి పళ్ళెంలో పడేసింది.

ఆ రోజు ఫోను పెట్టేసే ముందు పిల్ల గొంతు తగ్గించి చెప్పింది. "వచ్చే వారం ఆఖరుసారి మేడమ్. సార్ మాట్లాడకపోతే కేసు మూసేస్తారు. బాగు చెయ్యకుండానే తిప్పి పంపేస్తారు. ఈలోగా వారంటీ కూడా అయిపోతుంది. ఎలాగోలా రప్పించండి."

ఎలాగోలా రప్పించండి. ఆ వారమంతా ఆ మాట ఇంట్లో తిరిగింది. స్నానాల గదిలో, దండెం మీద ఇంకా ఉతకని ఆయన చొక్కా దగ్గర. చెబితే పేజీలు దక్కినా దక్కుతాయి, ఆయన ఆ ఒక్కచోట కూడా ఉండడు. చెప్పకపోతే ఆయన క్యాంపులోనే ఉంటాడు. చివరిసారి కొట్టిన కామా మాత్రం ఆ నల్లటి పెట్టెలో ఉండిపోతుంది.

ఫోను మోగేసరికి ఆమె చేతులకు సబ్బు నురగ. వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందుగదిలో ఉన్న వదిన అందుకుంది. ఆ ఫోను గొంతు పెద్దది, అవతలి మాట వంటింటిదాకా వినబడింది.

"నమస్తే మేడమ్. సార్ వచ్చారా?"

ఆమె పంపు కట్టేసింది. ఇక వదిన చెప్పేస్తుంది. ఇన్ని వారాలుగా కట్టిన గూడు ఒక్క దెబ్బతో కూలుస్తుంది. కూల్చనీ అనుకుంది. చెప్పే పని తనకు తప్పింది.

గోడ గడియారం వినబడింది.

"హలో? సార్ వచ్చారా అండీ?"

"ఇంకా రాలేదమ్మా," అంది వదిన.

ఎవరూ అడగకుండానే, వేరే గొంతుతో అంది. "వాడు చిన్నప్పటినుంచీ ఇంతే. పాలకు పంపిస్తే పొద్దుగూకాక గానీ రాడు."

ఆమె చేతులు తుడుచుకోలేదు. అలాగే వచ్చింది. వదిన నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులతో ఫోను పట్టుకుని, గుమ్మం వైపు చూస్తోంది. పాలచెంబుతో ఎవరో వచ్చే వేళయినట్టు చూస్తోంది. ఆ చూపు ఈమెకు తెలుసు. ఇన్నాళ్ళూ అద్దంలో చూస్తోంది.

ఇద్దరూ అటే చూస్తూ కూర్చుంటే ఇక ఈ గుమ్మానికి తలుపే ఉండదు.

వదిన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఫోను తీసుకుంది.

"అమ్మా, రాసుకో. మొదటిసారి నేను లేరన్నాను చూడు. ఇంట్లో లేరని కాదు." ఆగింది. అవతల మీటల చప్పుడు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది. "ఆయన చనిపోయారు."

టకటక వినబడింది. వేగంగా, తర్వాత మెల్లగా. చివరి మీట పడే చోట ఆమె నోటినుంచి అలవాటుగా మాట వచ్చేసింది.

"పుల్‌స్టాప్."

"ఏంటి మేడమ్?"

"ఏం లేదమ్మా."

"నాకు తెలీదు మేడమ్. ప్రతివారం నేను..."

"నువ్వేం చేశావు తల్లీ. వచ్చారా అని అడిగావు. ఇంకెవరూ అడగలేదు."

పిల్ల ముక్కు ఎగబీల్చింది. తర్వాత ఏం చెయ్యాలో చెప్పింది. ఆయన పోయినట్టు కాగితం ఒకటి చూపిస్తే చాలు, ఇక ఒప్పుకోవలసింది మీరే అంది. లోపల ఉన్నవి పోవచ్చు, ఒప్పుకుంటారా అని అడిగింది. ఆమె ఒప్పుకుంది. "ఇంకేమైనా సహాయం..." అని అలవాటు మాట మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

వదిన ఆ సాయంత్రం మొదటిసారి ఏడ్చింది.

ల్యాప్‌టాప్ బాగై వచ్చింది. లోపల ఉన్నవి ఉన్నాయి. ఆమె చాలా రోజులు దాని ముందు నిలబడి, చివరికి ఆయన కుర్చీలో కూర్చుంది. కాగితాలు వదినకిచ్చింది. వదిన కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం కింద వేలు పెట్టి, బండి లాగినట్టు చదివింది.

"భుజం నుంచి... మోచేతి దాకా... కొలిచి... ఇదేంటే, ఈ తోకచుక్కను ఏమనాలి?"

తెర మీద ఆ వాక్యం అక్కడిదాకా ఉంది. తోకచుక్క పక్కన సన్నని గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. అది ఎవరికోసం ఆగిందో ఇద్దరికీ తెలుసు. ఆయన ఫోను కిటికీ గట్టు మీద ఉంది. ఇవాళ అది మోగే రోజు. మోగలేదు.

"అది చదవక్కర్లేదు వదినా. ఆయన కొట్టేశారు. తర్వాతనుంచి చదవండి."