అతుకు పైన కాసిన పండు

నా చిన్నప్పుడు దేవుడు అరవంలోనే మాట్లాడతాడని నమ్మేదాన్ని. మా అవ్వ పుట్టిల్లు సత్యవేడుకు అవతల, తమిళనాడు సరిహద్దు దాటగానే వచ్చే పల్లె. పాకాలకు కొత్తకోడలిగా వచ్చేటప్పుడు ఆమె వెంట నల్ల అట్ట తమిళ బైబిలు ఒకటి, తడిగుడ్డ చుట్టిన మామిడి కొమ్మ ఒకటి వచ్చాయట. మా తాత ఆ కొమ్మను పెరట్లోని నాటు మొక్కకు అంటు కట్టాడు. అది పెద్ద చెట్టయింది. బైబిలు మాత్రం అవ్వ దిండు పక్కనే ఉండేది. పొద్దున్నే ఆమె గట్టిగా చదువుకునేది. ఇంట్లో ఇంకెవరికీ ఆ లిపి రాదు. అయినా ఆ రాగం చెవిన పడందే నాకు తెల్లవారేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా అవ్వ చూపు పోయింది. ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. కళ్ళు పోయినందుకు ఆమె ఏడవలేదు. చదువుకోవడం ఆగిపోయినందుకు మాత్రం బెంగ పెట్టుకుంది. ముద్ద నోటికి పోయేది కాదు. మనిషి రోజురోజుకీ మంచానికి అంటుకుపోతోంది. నేను నా తెలుగు బైబిలు తెచ్చుకుని పక్కన కూర్చుంటే చెయ్యి అడ్డం పెట్టేది.

"అది తర్జుమా పాపా. దేవుడు ఊపిరి ఊదింది ఆ కాలంలో రాసినోళ్ళ మాటల్లోకి. మనుషులు మార్చి రాసిన దాంట్లో ఆ ఊపిరి యాడుంటాది?"

నేను నా బైబిలు మూసేశాను. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ తెలుగులోనివే. అవి ఎవరికీ వినిపించలేదా? అంతకంటే పెద్ద భయం, అవ్వ ఇలాగే వాక్యం లేక, తిండి లేక మాకు దక్కకుండా పోతుందేమోనని.

తాత ఆమెతో వాదించలేదు. చుట్టుపక్కల తోటల్లో మామిడి అంట్లు కట్టడం ఆయన పని. ఓపిక ఆ పనిలోనే అలవడి ఉంటుంది. ఆ వేసవిలో అవ్వ తమ్ముడు, అంటుకు కొమ్మ కోసిన ఆ పుట్టింటి చెట్టు కాయలే గంపెడు తెచ్చాడు. అవి మాగాక ఒక మధ్యాహ్నం తాత రెండు పళ్ళు కోసి, అవ్వ ఒక్కో చేతిలో ఒక్కో ముక్క పెట్టాడు.

"ఒకటి మీ నాయన చెట్టుది, ఒకటి మన పెరటిది. ఏది యాడిదో సెప్పు సూద్దాం."

అవ్వ ఇది కొంచెం, అది కొంచెం కొరికింది. ఇంకో ముక్క అడిగింది. ఆమె అడిగి తినడం చూసి చాలా రోజులయింది. నేనే అందించాను.

"రెండూ మా నాయన చెట్టువే. నన్ను మోసం సేస్తా ఉండావు."

"లేదమ్మే. మన చెట్టుకు వేరు నాటుది, మన్ను పాకాలది. పండు మాత్రం మీ నాయనదే, నువ్వే సెప్తివి. అయినా నీ అరవ బైబిలు మాత్రం అంటు కాదా? మోషేకు అరవం వచ్చునా ఏంది?"

నేను ఫక్కున నవ్వాను. అవ్వ అంత సులువుగా లొంగే మనిషి కాదు.

"మరి అతుకు కింద నాటు చిగురు లేస్తే? అట్లే వదిలేస్తే చెట్టంతా పులుపే గదా?"

"లేస్తే గిల్లేస్తాం. దానికోసరం చెట్టు కొట్టేస్తామా?"

అవ్వ టెంక తెల్లబడేదాకా చీకింది. తర్వాత చేతులు కడుక్కుని, "పాపా, కాపరి కీర్తన తియ్" అంది.

దేవుణ్ణి గొర్రెల కాపరిగా పాడే ఆ కీర్తనలో నేను ఒక వాక్యం తెలుగులో చదివితే, ఆమె కంఠతా వచ్చిన అరవంలో అదే వాక్యం పలికేది. రెండూ కలవలేదనిపించిన చోట చెయ్యెత్తి ఆపేది. "మళ్ళీ సదువు." అక్కడ తెలుగు మాటే బాగుందని ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ ఆ మాటనే పెదవుల మీద మెల్లగా తిప్పుకునేది. ఆ పూట రాగి సంగటి అడిగి పెట్టించుకుంది. తర్వాత ఆమె ఉన్నన్నాళ్ళూ మా పొద్దులు అలాగే మొదలయ్యాయి.

బైబిలును మొదట రాసిన గ్రంథపు చుట్టలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవని, మనకు మిగిలింది నకళ్ళ నకళ్ళేనని కాలేజీలో ఉండగా చదివాను. నకలు రాసేవాడి చెయ్యి జారవచ్చు. తర్జుమా చేసేవాడికి సరైన మాట దొరకకపోవచ్చు. వాళ్ళు ప్రవక్తలని నేను అనుకోను. అందుకే ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూస్తారట. అది చదివినప్పుడు నాకు భయం వేయలేదు. మంచం మీద చెయ్యెత్తి ఆపే అవ్వ గుర్తొచ్చింది. దేవుడి ఊపిరి మొదటి పలుకుల్లోకే వచ్చిందని నేనూ నమ్ముతాను. అది అక్కడే ఆగిపోలేదని కూడా నమ్ముతాను. ఆగిపోయి ఉంటే అవ్వకు ఆ రుచి అందేదే కాదు.

ఇప్పుడు మేముండేది తిరుపతిలో. నా కూతురికి ఆరేళ్ళు. నాకు దాని దగ్గంటే భయం, బడి బస్సంటే భయం, దాని నోట్లో రోజూ తగ్గిపోతున్న తెలుగును చూస్తే భయం. సండే స్కూల్లో కాపరి కీర్తన దానికి ఇంగ్లీషులో నేర్పారు. నేను పట్టుకుని బతికిన మాటలు దీనికి చేరవేమోనని ఇన్నాళ్ళూ లోలోపల కుమిలాను. ఇందాక పడుకోబోయే ముందు అది ఒప్పజెబుతుంటే కళ్ళు మూసుకుని, ఒక్కో వాక్యం పక్కన నా తెలుగు వాక్యం పెట్టి చూసుకున్నాను. ఒకచోట పిల్ల తడబడి, ఒక మాట మింగేసి ముందుకు పోయింది.

నాకు తెలియకుండానే చెయ్యి లేచింది. "మళ్ళీ సదువు పాపా."

పిల్ల నా ముఖంలోకి వింతగా చూసి, నవ్వి, మొదటినుంచి మొదలుపెట్టింది.