రంగసామి అడిగిన పుస్తకం

చాలా ఏళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. "లేదు" అన్న మాట. దాన్ని ఎవరూ అనుమానించలేదు, ఎవరూ రెండోసారి అడగలేదు. అందుకే అది నాలోనే ఉండిపోయి బరువెక్కింది.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. మాది విరుదునగర్. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువంతా తమిళమే. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. మా వాళ్లలో ఈ రాత చదవగలిగినవాళ్లు నాకు తెలిసి లేరు. మీరు చదువుతారు, వాళ్లు చదవలేరు. ఇందులోనూ పిరికితనం ఉందా? ఉంది.

అప్పట్లో నేను ఒక మిరపకాయల వ్యాపారి తన ఇంటి ముందుగదిలో పెట్టిన చిన్న గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో ఎంచడంలో నాకు పేరుండేది. ఇంకా బడికి పోని పిల్లలకు పెద్ద పెద్ద బొమ్మలవి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు దొంగల్ని పట్టుకునే కథలు. పురిటికి పుట్టింటికి వచ్చినవాళ్లకు, బిడ్డ పాలు తాగి నిద్రపోయేలోపు అయిపోయే చిన్న కథలు. పని మానేసి ఇంట్లో కూర్చున్న పెద్దలకు యాత్రల పుస్తకాలు. ఇంట్లో గొడవపడి వచ్చిన మనిషిని గుమ్మంలోనే పోల్చుకునేదాన్ని. ఆ రోజు ఆమెకు ప్రేమకథ ఇవ్వకూడదు. "ఆ పిల్ల మనసు చూసి పుస్తకం ఇస్తుంది" అనేవాళ్లు. ఆ మాట నాకు ఎంత తీపిగా ఉండేదో చెప్పలేను. నిజంగా మనసులు చూశానా? ముఖాలు చూశాను, అంతే.

రంగసామి పప్పు మిల్లులో పనిచేసేవాడు. మా లాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, నన్ను చెల్లి అని పిలిచేవాడు. ఆదివారాలు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చేవాడు. ఆ పిల్లకు బొమ్మల పుస్తకం, పెద్దవాడైన కొడుకు కన్నన్‌కు లెక్కల పొడుపుకథలు తీసుకెళ్లేవాడు. తనకోసం ఎన్నడూ ఏదీ అడగలేదు.

ఒక ఆదివారం ఒక్కడే వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి. మిల్లుకు పోవడం మానేశాడని, పెళ్లాం వీరలక్ష్మి నలుగురిలో అతన్ని తిట్టిపోసిందని అప్పటికే విని ఉన్నాను. అందరూ వెళ్లేదాకా గోడ పక్కన నిలబడి, తర్వాత దగ్గరికి వచ్చాడు.

"చెల్లీ, వయసు చూసి ఇస్తావు, మనసు చూసి ఇస్తావు. ఇంగ చాలు, పోతే బాగుండును అని అదే తలపుగా ఉండే మనిసికి ఏ పుస్తకం ఇస్తావు?"

నవ్వుతూ అడిగాను. "ఎవరికి అన్నా అది?"

"నాకే. చానా నాళ్లుగా ఇట్లే ఉండాది. మనసు సరిలేదు, నిద్ర లేదు. వీరలచ్చిమి అరుస్తుంది, పాపం, దానికేం తెలుసు. దాని తప్పు ఏమీ లేదు."

నేను హాస్యకథల పుస్తకం ఒకటి తీసి ఇచ్చాను. ఇది చదువన్నా, అంతా సరిపోతుంది అన్నాను. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు.

నాకు అర్థం కాలేదా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను, అర్థం కాలేదని చెప్పుకుని పడుకున్న రోజులూ ఉన్నాయి. కాని అయింది. వాళ్ల ఇల్లు అక్కడికి రెండు సందుల అవతలే, తలుపు వేసి వెళ్లి వీరలక్ష్మితో ఒక్క మాట చెప్పి, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లమని అడిగి ఉండొచ్చు. వెళ్లలేదు. ఇంతటి మాట నన్నే అడిగాడన్న గర్వం కూడా ఆ క్షణంలో ఉంది.

ఆ వారం దాటకముందే రంగసామి తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఆయన అన్నదమ్ములు వత్రాప్ నుంచి వచ్చారు. పెళ్లాం నోరే మగవాడిని మింగిందని చావింట్లోనే అన్నారు. వీధి కూడా అదే అంది. పదోనాడు నేను వెళ్లినప్పుడు వీరలక్ష్మి నన్ను పెరట్లోకి తీసుకెళ్లి నా రెండు చేతులూ పట్టుకుంది. పక్కనే కన్నన్ నిలబడి వింటున్నాడు.

"ఆయన నీ దగ్గర ఏమన్నా చెప్పినాడా అమ్మా? ఒక్క మాటైనా?"

"లేదు వదినా. ఎప్పటిలాగా పుస్తకం తీసుకుని పోయినాడు."

చెప్పాడు అని ఉంటే, మరి నువ్వేం చేశావు అని అడుగుతారు. హాస్యకథలు ఇచ్చానని చెప్పాలి. అందుకే లేదు అన్నాను. "దాని తప్పు ఏమీ లేదు" అని ఆయన తన నోటితో అన్న మాట నా దగ్గర ఉంది. ఆమెకు ఆ ఇంట్లో చోటు నిలబెట్టగలిగింది అదొక్కటే. దాన్ని మింగేశాను.

కన్నన్‌ను పెదనాన్న తీసుకెళ్లిపోయాడు. వీరలక్ష్మి కూతురితో పుట్టిల్లు కోవిల్‌పట్టి చేరి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. కొడుకును చూడటానికి ఆమె వత్రాప్ పోయినప్పుడల్లా వాడు లోపలి గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదట.

తర్వాత నాకూ పెళ్లై కోవిల్‌పట్టి వచ్చాను. బజారులో ఆమె నన్ను గుర్తుపట్టి, నా కూతురికి మంచి పుస్తకాలు చెప్పమ్మా అంది. చెప్పాను. ఆ పిల్ల పెరిగే కొద్దీ వయసుకు తగ్గట్టు తెచ్చి ఇచ్చాను. అత్తా అని పిలుస్తుంది. ఇస్తూ పోతే తీరుతుందనుకున్నానా? కావచ్చు. వీరలక్ష్మి నాకు కాఫీ పెట్టి ఇచ్చేది, ఎదురుగా కూర్చుని నేను తాగేదాన్ని. ఎన్నిసార్లు నిజం నోటిదాకా వచ్చిందో, అన్నిసార్లు కాఫీతో పాటు లోపలికి పోయింది.

ఈ ఏడు ఎండాకాలంలో ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. కబురు పంపినా కన్నన్ రాలేదు. ఆమె తమ్ముడే కొరివి పెట్టాడు.

ఆ తర్వాత నేను విరుదునగర్ బస్సెక్కాను. కన్నన్‌కు అక్కడ నూనె దుకాణం ఉంది. తండ్రి పోలికే. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. ఆయన అడిగింది, నేను ఇచ్చింది, వాళ్లమ్మ గురించి ఆయన అన్నది, పెరట్లో నేను ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. చివర్లో వాడు అన్నాడు.

"నేనూ ఆ పెరట్లో ఉన్నాను అత్తా. మీరు లేదు అన్నది విన్నాను. దాన్ని పట్టుకునే, తప్పంతా అమ్మదే అని విడిచినాను. ఇప్పుడు నేను ఎవరి దగ్గర పోయి చెప్పుకునేది?"

వెళ్లమని వాడు చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. ఎవరో నూనె డబ్బా పట్టుకుని వస్తే లేచి అటు వెళ్లాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు, ఉన్నవాడికి నేను ఇంకో బరువు ఎత్తిపెట్టి వచ్చాను. కాని ఒకటి దాచను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం వండుకుని కడుపునిండా తిన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత అన్నానికి రుచి తెలిసింది. సిగ్గుపడుతూనే ఇంకోసారి వడ్డించుకున్నాను.