అవతలి గట్టున తాళం

గుడివాడలో ఒక బట్టల కొట్టు డాబా మీద రిసీవరు బిగిస్తుండగా సువార్త ఫోన్ చేసింది. "అన్నయ్యా, టీచర్ గారు ఇక లేరంట" అంది. స్పానరు పక్కన పెట్టి పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. కింది నుంచి కొట్టు యజమాని "సిగ్నల్ వచ్చిందా అండీ?" అని అడుగుతున్నాడు.

టీచర్ గారిది కూచిపూడిలో మా వీధే. నాట్యం నేర్పేవారు. మా చెల్లెలు ఆవిడ దగ్గరే నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు గానీ, నా నడక మీద కూడా ఆవిడ ఓ కన్నేసి ఉంచేవారు. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్తుంటే అరుగు మీంచి పిలిచేవారు. "ఏరా, ఎడమకాలు ఈడుస్తున్నావు. నడుం పట్టిందా? ఆ బరువు భుజం మార్చుకో." నిజంగానే పట్టి ఉండేది.

వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టడం నా పని. కేబుల్ వెయ్యలేని చోట్లకి ఒక ఎత్తయిన డాబా మీంచి ఇంకో ఇంటి మీదికి గాలిలోనే సిగ్నల్ పంపుతాం. ఆవిడ ఇంట్లో మొదటిసారి బిగించిన రోజు, "గాలిలోంచి వచ్చేదైతే వానకి తడవదుట్రా?" అని అడిగారు. నవ్వేశాను గానీ, పెద్ద వాన పట్టినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.

సువార్త వాళ్ళది నాగాయలంక అవతల, ఏటి మధ్య ఉన్న లంక. తండ్రి చేపల వేటకి వెళ్తాడు. ఆ పిల్ల శనివారాల్లో పడవలో ఏరు దాటి, బస్సులు మారి టీచర్ గారి దగ్గరికి వచ్చేది. నాట్యంలో డిప్లొమా పరీక్ష దగ్గరపడుతుండగా వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది. తండ్రి వేటకి వెళ్తే ఆవిడని చూసుకోవడానికి సువార్త తప్ప మరొకరు లేరు. క్లాసుకి రావడం మానేసింది. పరీక్ష మాటెత్తితే "ఇక నావల్ల కాదులెండి" అని ఫోన్ పెట్టేసిందట.

టీచర్ గారు నన్ను పిలిపించారు.

"కాలు మరిచిపోతే మనసుకి గుర్తుండి ఏం లాభంరా? ఆ లంకకి నువ్వు నెట్ వెయ్యాలి."

అక్కడ ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, వీడియో నిలవదు. నాగాయలంక గట్టున ఓ డాబా మీద మా డిష్ ఉంది. అక్కణ్ణుంచి చెట్లు అడ్డం లేకుండా ఆ ఇల్లు కనపడితే అయ్యే పనే, చూసొస్తానన్నాను. "నేనూ వస్తున్నా" అన్నారు.

మోకాళ్ళ నొప్పులతోనే పడవెక్కారు. సువార్త ఇంటికి బిగించాల్సిన డిష్‌ని పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎదురుగా కూర్చున్న ఒకావిడ "కొత్త బేసినా అండీ?" అని అడిగింది.

"బేసిను కాదమ్మా. మా స్టూడెంటు ఇందులోంచే రావాలి" అన్నారు నవ్వకుండా.

రేకుల ఇంటికి ఎత్తు చాలలేదు. మధ్యలో సరుగుడు తోట అడ్డం. సువార్త నాన్న ఓ పొడవాటి సరుగుడు వాసం తెచ్చాడు. "తెరచాప కొయ్యలా కట్టేద్దామండీ. ఎంత గాలొచ్చినా నిలబడిద్ది" అన్నాడు. వాసం కొసకి డిష్ బిగించి నిలబెట్టాక, నేను ఫోన్‌లో సిగ్నల్ చూస్తూ "ఇంకొంచెం కుడికి" అంటుంటే ఆయన వాసాన్ని మొదట్లో పట్టుకుని తిప్పాడు. సిగ్నల్ పట్టగానే నాలుగు వైపులా మోకులు లాగి కట్టేశాడు. లోపల సువార్త అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. టీచర్ గారు మంచం పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమిరారు. ఆవిడ ఇటు తిరగలేదు.

మొదటి క్లాసుకి నేను టీచర్ గారింట్లోనే ఉన్నాను. ఆవిడ చెక్క మీద కర్రతో తాళం వేస్తున్నారు. తెర మీద సువార్త అడుగు ప్రతిసారీ వెనకబడుతోంది.

"తాళం తప్పుతున్నావ్!"

"లేదండీ, మీ కర్ర వినపడగానే వేస్తున్నా" అంటూ పిల్ల ఏడ్చేసింది.

మీ చప్పుడు అక్కడికి చేరడానికి కాస్త ఆలస్యం, ఆ పిల్ల అడుగు ఇక్కడ కనపడటానికి ఇంకాస్త ఆలస్యమని చెప్పాను. తగ్గించగలను గానీ పూర్తిగా తీసెయ్యలేనన్నాను. ఆవిడ కర్ర కింద పెట్టేశారు. జీవితమంతా ఆ కర్రతోనే పాఠం చెప్పిన మనిషి. నేను రౌటరు వైర్లు సర్దుతూ కూర్చున్నాను.

కాసేపటికి ఆవిడ తెర వైపు వంగారు. "సువార్తా, మీ అమ్మకి ఎడమ చెయ్యి బాగానే ఉందిగా?"

"ఉందండీ."

"ఓ కర్రా, పీటా ఆవిడకివ్వు. తాళం మీ అమ్మ వేస్తుంది. అప్పుడు చప్పుడూ అడుగూ అక్కణ్ణుంచే కలిసొస్తాయి. అంతేగదరా?" అని నావైపు చూశారు. అంతేనన్నాను.

"అమ్మ ఎవరివంకా చూడట్లేదండీ."

"చూడక్కర్లేదు. కొట్టమను."

ఆ రోజు కర్ర సువార్త అమ్మ చేతిలోంచి జారిపోయింది. మర్నాడూ అంతే. "గట్టిగా పట్టుకో అమ్మా, నీ కూతురు నిలబడే ఉంది" అని టీచర్ గారు కసిరారు కూడా. అంత కఠినం ఎందుకనిపించింది నాకు. తర్వాతి వారం టీచర్ గారింటికి వెళ్ళేసరికి తెర మీద సువార్త అమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. దెబ్బ నెమ్మదిగా, అటూ ఇటూగా పడుతోంది. సువార్త ఆ నెమ్మదికే అడుగు వేస్తోంది. "అమ్మని దాటి పోకు. ఆవిడ ఎంత పోతే నువ్వంతే" అంటున్నారు టీచర్ గారు. పరీక్ష నాటికి ఆ చెయ్యి తాళం తప్పడం మానేసింది.

సువార్త పాసైన కబురు ఫోన్లో చెప్పింది వాళ్ళమ్మే. "పాస్" అన్న ఆ ఒక్క మాట కూడదీసుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టిందని, అంతసేపూ ఫోన్ చెవికి అదుముకుని విన్నానని టీచర్ గారు వీధిలో అందరికీ చెప్పుకున్నారు. నేను ఇన్ని ఇళ్ళకి నెట్ పెట్టాను. అది దేనికి పనికొస్తుందో నాకు చూపించింది ఆవిడే.

పాసయ్యాక కూడా సువార్తకి పాఠం ఆగలేదు; ఈ మధ్య మంచం పట్టినా టీచర్ గారు క్లాసు మానలేదు. చివరి క్లాసు నాడు కెమెరా సరిచెయ్యమని ఆవిడ కోడలుగారు పిలిస్తే వెళ్ళాను.

"ముఖం కనపడనివ్వకురా, పిల్ల దిగులుపడుతుంది. చెయ్యి చాలు" అన్నారు టీచర్ గారు.

ఫోన్‌ని కుర్చీకి ఆనించి, దుప్పటి మీద చెయ్యి మాత్రమే కనపడేలా పెట్టాను. ఆవిడ తామర మొగ్గ విచ్చుకోవడం చూపిస్తున్నారు. ముందు చిటికెన వేలు కదిలింది. తర్వాత దాని పక్కది. మధ్యవేలు అనుకున్నట్టు లేవలేదు. ఆగి, వేళ్ళన్నీ మళ్ళీ ముడిచి మొగ్గ దగ్గర్నుంచి మొదలుపెట్టారు. కోడలుగారు మందు గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయారు. దుప్పటి మీద ఆ వేళ్ళు ఒక్కొక్కటే, తొందర లేకుండా, విచ్చుకుంటున్నాయి.