స్కానింగ్ గదిల అడిగిన మాట

బాపు కడుపుల పెద్ద రక్తనాళం ఉబ్బిందని పట్నంల ఆపరేషన్ చేసిండ్రు. తొడ కాడికెల్లి గొట్టం పంపి, ఉబ్బిన జాగాల నిలబెట్టిండ్రు. ఆ గొట్టం పక్కకు జరగొద్దు, దాని పక్కపొంటి నెత్తురు కారొద్దు, అందుకే యాడాదికోసారి స్కానింగ్ చూపియ్యాలన్నరు. మొదటిసారి మహబూబ్‌నగర్ పోయినం, పరిగడుపున.

డాక్టరమ్మ కడుపు మీద సల్లటి జెల్లు రాసింది. "ఊపిరి బిగబట్టు పెద్దాయినా" అన్నది. మిషిన్లకెల్లి బుస్సు బుస్సుమని నెత్తురు ఉరికే సప్పుడు.

"మంచిగుంది. ఉబ్బు జర తగ్గింది" అని, కొలుసుకుంటనే అడిగింది: "మీ ఇంట్ల ఎవరన్న నడుంనొప్పి, కడుపునొప్పి వచ్చి ఉన్నపాటున పోయిండ్రా? గిది అన్నదమ్ములకు గూడ వస్తది."

బాపు గోడ దిక్కు సూసిండు. నేనే చెప్పిన, మా పెద్దబాపు సంగతి.

నాకు తొమ్మిదేండ్లప్పుడు, కల్వకుర్తి దిక్కు మా ఊర్ల, బాపు వాళ్లన్న గొర్లమంద కాడ నడుం పట్టుకొని కూలబడ్డడు. ఇంటికి తెచ్చేసరికి కడుపు బిర్రుగైంది, ఒళ్లంత చెమట. దవాఖానకు బండి కట్టకముందే పానం పోయింది. పొద్దుగాల ఏం తిన్నడని పెద్దలు అడుగుతుంటే, "ఎదురింటి అత్త సల్ల పోసింది" అని ఒక పిల్ల అన్నది. ఆ పిల్లను నేనే.

ఆ అత్తకు మొగడు లేడు. బాణామతి చేసిందన్నరు. ఇంటి మీద రాళ్లేసిండ్రు. వారం తిరగకముందే మూట కట్టుకొని బిడ్డ ఊరికి పోయింది.

"సూడకుంట ఖాయంగ చెప్పలేం" అన్నది డాక్టరమ్మ. "కాని గిదే అయ్యుంటది."

బస్సుల బాపు ఒక్కటే మాట అడిగిండు. "ఆమె బతికున్నదా బిడ్డా?"

బతికే ఉన్నది. నాలుగు రోజులకు ఆమె బిడ్డ ఊరికి ఇద్దరం పోయినం. అరుగు మీద కూసొని చింతపండు గింజలు తీస్తున్నది. ఆమె బిడ్డ మమ్ముల సూసి లోపలికి రమ్మనలె.

బాపు భుజం మీది తువ్వాల చేతిలకు తీసుకున్నడు. "అక్కా, మా అన్న రోగంతోటి పోయిండు. నాకు గూడ గదే రోగమొచ్చింది. నువ్వేం చెయ్యలె."

"గది నాకెర్క లేదారా?" అన్నది ఆమె. గొంతుల కోపం లేదు. "నేను చెయ్యలేదని మొదటి దినంకెల్లి నాకెర్కే."

బాపు వలవల ఏడ్చిండు. ఆమె నా దిక్కు తిరిగింది. "గీమె నీ బిడ్డనా? అప్పుడు గింతుండె. నీకేం యాదికుంటదిలే బిడ్డా."

"యాదికి లేదత్తా" అన్న.

మళ్ల యేడు స్కానింగ్ గూడ మంచిగనే వచ్చింది. బాపు నిమ్మలపడ్డడు, ఇంత తిని పంటున్నడు. సలికాలంల ఆ అత్త పోయిందని కబురొస్తే బాపు పొద్దుగాలనే బయలుదేరిండు. నన్ను గూడ రమ్మన్నడు. జరమొచ్చిందని చెప్పి నేను ఇంట్లనే ఉన్న.